చార్మినార్ ట్రాఫిక్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లాడ్ బజార్ సందడిని బాగానే పట్టుకున్నావు. కానీ మొత్తం ఆటోలో కూర్చుని రాసినట్టుంది. ఆటో కదలకపోవడానికి తోపుడు బండ్లే కారణమని తేల్చేశావు. ఆటోలోంచి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఈసారి మదీనా సెంటర్ దగ్గర దిగిపోయి చార్మినార్ దాకా నడు.

దారిలో వచ్చే పత్తర్‌గట్టీ బజారులో షాపుల ముందు రాతి కమాన్ల వరస ఉంటుంది కదా, అక్కడ కాసేపు ఆగు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ కమాన్లు ఆ బోర్డు కట్టించినవే. కొనేవాళ్లు ఎండకీ వానకీ ఇబ్బంది పడకుండా ఆ నీడన నడవొచ్చు. ఇవాళ అక్కడ సరుకు పెట్టెలు, బట్టలు తొడిగిన బొమ్మలు ఉంటే నడిచే మనిషి రోడ్డు మీదికి దిగుతాడు. రోడ్డు అంచున బైకులు ఆపి ఉంటాయి కాబట్టి ఇంకాస్త మధ్యకి వస్తాడు. వెనక ఆటో బ్రేకు వేస్తుంది, దాని వెనక అన్నీ ఆగుతాయి. జామ్ ఎలా మొదలవుతుందో ఇలా వరసగా చూపించు. ‘నరకప్రాయం’ లాంటి మాటలు కొట్టేయ్, వాటితో పాఠకుడికి ఏమీ తెలియదు.

ప్రభుత్వం ఏం చేసిందన్న భాగాన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. 1591 నాటి చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగకూడదన్న ప్రాజెక్టు రెండు దశాబ్దాలకు పైగా సాగింది. ఇప్పుడు అక్కడ రాళ్లు పరిచి ఉన్నాయి, పిల్లలు చెయ్యి వదిలించుకుని పరుగెత్తుతున్నారు. అది చూస్తే నాకు నిజంగా సంతోషం. కానీ అక్కడికి రానివ్వని వాహనాలు పక్క దారులు పట్టాలి. అందుకే చుట్టూ రింగు రోడ్లు అనుకున్నారు. పాతబస్తీలో రోడ్డు వెడల్పు చేయాలంటే ఎవరిదో ఇల్లు, ఎవరిదో దుకాణం పోవాలి. ఆలస్యం వెనక ఉన్నది బద్ధకమొక్కటే కాదని నీ పాఠకుడికి తెలియాలి.

ఎవరి పని ఏదో విడదీసి రాయి. ఫుట్‌పాత్ బల్దియా, అంటే మున్సిపల్ కార్పొరేషన్, చూడాలి, చలానా ట్రాఫిక్ పోలీసులు వేయాలి, బస్సు ఆర్టీసీ నడపాలి. 2022 అక్టోబరులో అడ్డంగా పెట్టిన బండ్లనీ రోడ్డు ఆక్రమణలనీ తీసేయడానికి పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెట్టినప్పుడు అందరూ మొదటి రోజు ఫోటోలు వేశారు. ఇలాంటి డ్రైవ్ ఏది జరిగినా నువ్వు నెల తర్వాత అదే చోటికి వెళ్లు. తీసేసిన బోర్డు మళ్లీ వచ్చిందా, టో చేసిన చోట మళ్లీ ఎవరు పార్క్ చేశారో చూడు. అసలు వార్త అప్పుడే దొరుకుతుంది.

తోపుడు బండ్లను ఖాళీ చేయించాలని రాసేముందు 2014 వీధి వ్యాపారుల చట్టం చదవాల్సింది. దాని ప్రకారం ఐదేళ్లకోసారైనా వీధి వ్యాపారుల సర్వే చేయాలి. అది పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో బల్దియా ఆఫీసులో అడుగు. ఆ సమావేశం మినిట్స్ ఇవ్వకపోతే ఆర్‌టీఐ వెయ్యి.

సరుకు సంగతి అసలే వదిలేశావు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని మురిసిపోతూ రాశావు, బాగుంది. ఆ గాజులు రాళ్లు అద్దిన ఇంటి నుంచి షాపుకి ఏ వేళకి, దేని మీద వస్తాయి? వాహనాలు రానివ్వకపోతే లోడింగ్‌కి ఏ టైం ఇస్తారు? గాజుల షాపులో కూర్చుని అడుగు. గిరాకీ లేని వేళ వెళ్లు, ఓపిగ్గా చెబుతారు.

ఇంకొక పని. దర్జీ వాడే టేపు కాదు, ఇళ్లు కొలిచే పొడుగు టేపు పట్టుకెళ్లు. ఆగి ఉన్న ఒక కారు ఎంత చోటు పట్టిందో, ఒక పండ్ల బండి ఎంత పట్టిందో కొలిచి రాసుకో. కారు అక్కడ ఎన్ని గంటలు ఉందో, బండి మీద ఎంతమంది బతుకుతున్నారో కూడా అడిగి పక్కనే వెయ్యి. ఆ లెక్కతో వ్యాసం మళ్లీ మొదలుపెట్టి పంపు, చదువుతాను.