కొరడా కంటే ముందు కాగితం

అమ్మాయీ,

1850లలో అమెరికాలో రైలు సొరంగం తవ్విన బానిసల మీద నువ్వు రాసిన కథ అందింది. వర్జీనియాలోనే ఉంటున్నావు, బ్లూ రిడ్జ్ కొండ కింది పాత రైలు సొరంగంలో నడిచి చూశావు కాబట్టి ఆ చీకటి, చెమ్మ బాగా పట్టుకున్నావు. మనుషులే దొరకలేదు. మొదటి పేజీ నుంచీ కొరడా, ఏడుపు, మీసం మెలేసే మేస్త్రీ. ఆ మేస్త్రీ మన సినిమాల్లోంచి తిన్నగా అక్కడికి రైలెక్కినట్టున్నాడు.

కొరడా లేదని కాదు. నీ కథలోని బానిసలను రైలుమార్గం వాళ్లు కొనలేదు, ఏడాదికింతని కిరాయికి తెచ్చుకున్నారు. ఆ ఏర్పాటు తెలియకుండా వాళ్ల బాధ రాయలేవు. మామూలుగా జనవరి 1న ఒప్పందం, క్రిస్మస్‌తో గడువు సరి. కిరాయి సొమ్ము యజమానికి. తిండి, బట్టలు, బూట్లు, దుప్పటి మాత్రం పని చేయించుకునేవాడి బాధ్యత. డిసెంబరు చివర ఇల్లు చేరిన మనిషికి, కొత్త సంవత్సరం ఎవరి కింద, ఎంత దూరాన అన్నది తన చేతిలో లేదు. నీ కథంతా ఆ వారంలో ఉంది. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు!

యజమానిని దయామయుడిగా చూపించావు, తన మనుషులను రాళ్లు పేల్చే పనికి పెట్టకూడదని షరతు రాయించాడు కనుక. అలాంటి షరతులు నిజంగానే ఉండేవి. కాపాడుకున్నది ఆస్తిని. 1858లో నార్త్ కరోలినా సుప్రీంకోర్టులో పాంటన్ కేసు చూడు. కిరాయికిచ్చిన బానిస రైల్వే పనిలో చనిపోతే యజమాని నష్టపరిహారం కోరాడు, ఓడిపోయాడు. అలాంటి ప్రమాదానికి ముందే ఒప్పందంలో జాగ్రత్త పడాల్సిందన్నది కోర్టు ధోరణి. పోయిన మనిషి తరఫున మాట్లాడేవాడు ఆ వాదనలో ఎవరూ లేరు.

డైనమైట్ తీసెయ్. అది 1867 నాటి సరుకు. 1850లో మొదలై 1858లో రైలు నడిచిన ఈ 4,273 అడుగుల సొరంగానికి సమ్మెటలు, తుపాకిమందే దిక్కు. ఇంజనీరు క్లాడియస్ క్రోజే, తవ్వించింది వర్జీనియా రాష్ట్రం. రాష్ట్ర ఖజానా నుంచే యజమానులకు కిరాయి వెళ్లిందన్న సంగతి నీ కథలో ఎక్కడా లేదు.

ఐరిష్ కుర్రాడితో స్నేహం ఉంచు. కాకపోతే ఐరిష్ కూలీలు జీతం పెంచమని పని ఆపగలిగారు. పక్కనున్న బానిస ఆపితే? ఆ సంభాషణ రాయి, ఇద్దరిలో ఎవరినీ మంచివాణ్ణి చేయకుండా.

చివర 1865లో బానిసల విముక్తితో బాజాలు మోగించావు. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా రాజ్యాంగ పదమూడో సవరణ, నేరానికి శిక్షగా చేయించే వెట్టిని మినహాయించింది. తర్వాతి దశాబ్దంలో నార్త్ కరోలినా కొండల్లో స్వనానోవా సొరంగం తవ్వింది ఖైదీలు, అత్యధికులు నల్లవారు. కాబట్టి ఆ పేరా కొట్టెయ్.

తిరగరాసింది సంక్రాంతిలోపు పంపు. తర్వాత ఇంటినిండా మనవలు, కళ్లజోడు కూడా నా చేతికి దొరకదు.