లంబోర్గినీ లాంటి కారు నడపడంలో నిజంగా అంత మజా ఉందా, లేక గొప్పలకేనా?

కొనే స్తోమత లేదు కాబట్టి గొప్పల సంగతి నేను చెప్పలేను. నడిపింది మాత్రం జీవితంలో ఒకే ఒకసారి, అనంతపురం నుంచి గుత్తి దాకా. యాభై కిలోమీటర్లు ఉంటుందేమో.

అప్పట్లో బెంగళూరులో ఖరీదైన కార్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాణ్ని. 2017లో ఒక కస్టమరు తన లంబోర్గినీ హురకాన్‌లో హైదరాబాదు పోతూ, దారిలో ఏమన్నా అయితే చూసుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్లారు. అనంతపురం దాటేసరికి ఆయనకు నిద్ర ముంచుకొచ్చింది. "కాసేపు నువ్వు పట్టుకోవయ్యా" అన్నారు. బండి మూడు కోట్ల పైమాట. నా చేతులు చల్లబడ్డాయి.

అందరూ వేగం గురించే అడుగుతారు. సున్నా నుంచి వందకు 3.2 సెకన్లు, గరిష్ఠం గంటకు 325 కిలోమీటర్ల పైనే. మన 44వ నంబరు హైవే మీద ఆ లెక్కలు దేనికీ పనికిరావు. రాంగ్ రూటులో ఎదురొచ్చే ఆటో, డివైడరు సందులోంచి ఉన్నట్టుండి దూరే గొర్రెల మంద, ఇవన్నీ తెలిసినవాణ్ని. రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఒక్కసారి రెండో గేరులో గట్టిగా తొక్కి, వంద రాకముందే కాలు తీసేశాను. అంతే నా సాహసం.

ఆ రెండు మూడు క్షణాల్లో తెలిసిపోయింది, దీని మజా అంతా చెవుల్లో ఉందని. పది సిలిండర్ల 5.2 లీటర్ల ఇంజను సరిగ్గా వీపు వెనకాల ఉంటుంది. పొగ ఊపుతో ఇంజనులోకి గాలిని ఎక్కువగా నెట్టే టర్బో లేదు. టర్బో ఉంటే పొగ దాని చక్రాన్ని తిప్పి బయటపడేసరికి శబ్దం సగం అణిగిపోతుంది. ఇందులో ఆ అడ్డు లేదు. కాలు ఎంత కదిలితే ఇంజను అంత పలుకుతుంది, అప్పటికప్పుడు. దాని 610 హార్స్‌పవర్ పూర్తిగా వచ్చేది 8,250 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి అన్ని చుట్లు తిరిగినప్పుడు. మా ట్రాక్టరు రెండు వేల చిల్లరకే మూలుగుతుంది.

ట్రాక్టరు ఊరికే గుర్తు రాలేదు. నేను డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే. చెనిక్కాయ చేను దున్నేటప్పుడు మడక కాస్త లోతుకు దిగితే ఇంజను గొంతు మారుతుంది. నాయన మీటరు వైపు చూసేవాడు కాదు, విని గేరు మార్చేవాడు. తర్వాత ఏసీలు, పాటలు, మూసిన అద్దాల కార్లకు అలవాటుపడి ఆ వినడం మరిచిపోయాను. ఆ రోజు మళ్లీ వచ్చింది. తారు అతుకు వేసినచోటు కూడా నడుముకు తెలిసింది.

ఆ కంపెనీ పెట్టిన ఫెరూచియో లంబోర్గినీ కూడా ట్రాక్టర్ల మనిషే. 1948లో ట్రాక్టర్ల వ్యాపారం మొదలుపెట్టి, కార్లకు వచ్చింది 1963లో. తన ఫెరారీ కారు క్లచ్ గురించి ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీతో మాటామాటా వచ్చి ఆ పంతం పట్టాడని ఒక కథ చెబుతారు. పుట్టింది ఏప్రిల్ 28, వాళ్ల లెక్కలో వృషభ రాశి, అందుకే ఎద్దు గుర్తు. మన పంచాంగం ప్రకారమైతే సూర్యుడు అప్పటికింకా మేషంలోనే ఉంటాడు, పొట్టేలు బొమ్మ పెట్టుకోవాల్సి వచ్చేది!

కష్టాలు లేవని కాదు. కింద జానెడు ఎత్తు కూడా ఉండదు. స్పీడ్ బ్రేకరు కనబడితే ముందు భాగాన్ని పైకి లేపే బటను నొక్కాలి, మరిచిపోతే గోవిందా. వెనక ఏం వస్తోందో సరిగా కనబడదు. దీని తర్వాత 2024లో తెచ్చిన టెమెరారియోలో టర్బోలు, కరెంటు మోటార్లు పెట్టారు. దాన్ని నేను నడపలేదు.

గార్లదిన్నె దగ్గర టీకి ఆగుదామన్నారు సార్. మా ఊరు పక్కనే, ఫోన్ చేస్తే నాయన బైకు మీద వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంజను ఎనకాల ఏంటికి పెట్టినార్రా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వెనక మూత మీద అరచెయ్యి పెట్టి, తల వంచి కాసేపు విన్నాడు.

"బాగా వేడెక్కింది. అప్పుడే ఆపొద్దు, రొంతసేపు ఆడనీ."

ఇంజను ఆపే బటను మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.