ముందు గేట్లు చూడు, తర్వాత వేదిక

పర్లాకిమిడి

చి॥ లలితకు అత్త దీవించి రాయునది.

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. బ్యాంకులో జీతం లేని సెలవు రెండు నెలలు పెట్టావట. డిసెంబరు ఒకటిన కోణార్క్‌లో మొదలుపెట్టి పుణె, ముంబయి, చెన్నై, తిరువయ్యారు దాకా కచేరీలూ నాటకాలూ చూసుకుంటూ ఒక్కదానివే తిరుగుతావట. వాడు కోపంగా చెప్పాడు. వింటూంటే నాకు గొంతు పూడుకుపోయింది. మన ఇంట్లో ఆడవాళ్లు పెళ్లికో, పురిటికో, తీర్థానికో రైలెక్కారు తప్ప పాట వినడం కోసం ఎక్కినవాళ్లు లేరు. నువ్వు ఎక్కుతున్నావు. సంతోషం ఎంత వేసిందో భయమూ అంతే వేసింది. నిద్ర పట్టక తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరేలే అత్తా" అని పెట్టేస్తావు.

టికెట్లు ముందే కొనుక్కో, శాలువా మర్చిపోకు, డబ్బంతా ఒకేచోట పెట్టకు, కచేరీకి ముందు కడుపు నిండా తినకు. ఇవి నీకు తెలిసినవే.

నీ లిస్టు మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. ప్రతి ఊరి పక్కనా ఎవరు పాడతారు, ఏ నాటకం, ఎన్ని గంటలకు అని రాసుకున్నావు. నువ్వు ఎక్కడ కూర్చుంటావు, అయిపోయాక ఎటునుంచి బయటికొస్తావు, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావు అన్నది ఒక్కచోటా లేదు. అచ్చం మీ మావయ్య పద్ధతి. ఆయనకీ ఎవరు వాయిస్తున్నారన్నదే ముఖ్యం, మిగతాది దేవుడు చూసుకోవాలి.

మీ మావయ్య కుడి మోకాలు నీకు గుర్తుండే ఉంటుంది. కుర్చీలో కాలు చాపుకుని కూర్చునేవాడు, నువ్వు ఆ కాలు మీద ఉయ్యాల ఊగబోతే నేను కసిరేదాన్ని. సైకిలు మీంచి పడ్డాడని పిల్లలందరికీ చెప్పాం. సైకిలు కాదు తల్లీ. ఇప్పుడు నువ్వు తెలుసుకోవాలి.

మా పెళ్లయిన కొత్త. గంజాం వైపు ఒక ఊళ్లో శీతాకాలం జాత్రా నాటకాల పార్టీ దిగింది. అందులో ఢోలక్ వాయించే అతను అద్భుతంగా వాయిస్తున్నాడని ఎవరో మీ మావయ్య చెవిన వేశారు. ఇక ఆగుతాడా? స్నేహితుల జీపు ఒకటి మాట్లాడి నన్నూ ఎక్కించాడు. వెళ్లేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మైదానం చుట్టూ రేకులు కట్టారు. లోపల వెదురు, చెక్కలు కట్టి మెట్ల గేలరీ. పట్టేవాళ్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మేశారు. టికెట్టు లేనివాళ్లు దూరకుండా మిగతా గేట్లు తీగలతో బిగించి కట్టేసి ఒక్కటే తెరిచి ఉంచారు. చివర కూర్చుందాం అన్నాను నేను. "చివర వాయిద్యం సగమే వినిపిస్తుంది, మధ్యలోకి రా" అన్నాడాయన. వినికిడి విషయంలో ఆ మాట నిజమే. ఆయన చెవి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. తప్పల్లా చెవితో చూడటమే. కట్టిన చెక్కల్ని చూడలేదు, బిగించిన తీగల్ని చూడలేదు.

అర్ధరాత్రి దాటాక జనరేటరు ఆగిపోయింది. చీకట్లో ఎవడో "కరెంటు షాకు" అని అరిచాడు. నిప్పు లేదు, షాకూ లేదు, ఏమీ లేదు. కానీ జనమంతా లేచారు. అందరూ ఆ ఒక్క గేటు వైపే. మా వెనక పై మెట్ల మీద ఉన్నవాళ్లు మా మీదుగా దిగబోయారు. కింద చెక్క జారింది. మీ మావయ్య నన్ను ఒక వెదురు గుంజ దగ్గరికి నెట్టి, గట్టిగా పట్టుకోమని అరిచాడు. ఆ నెట్టడంలో ఆయన కాలు రెండు చెక్కల మధ్య పడింది. దాని మీద ఎంతమంది నడిచారో ఆయనకీ తెలియదు.

కాసేపటికి లైట్లు వచ్చాయి. ఎవరూ చనిపోలేదు. అందుకని ఎవరూ నిర్వాహకులను ఏమీ అడగలేదు. మేము జీపులో ఆస్పత్రికి వెళ్తుంటే వెనక మైకులో నాటకం మళ్లీ మొదలైంది.

మోకాలు అతికింది గానీ మడత పడలేదు. నేల మీద కాలు మడిచి కూర్చుంటే గానీ మృదంగం నిలవదు కదా. విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో నేర్చుకుని, వయొలిన్ ద్వారం వేంకటస్వామి నాయుడు గారి శిష్యుల పక్కన వాయించిన మనిషి, ఆ రాత్రి తర్వాత వేదిక ఎక్కలేదు. కుర్చీలో కూర్చుని పిల్లలకు నోటితో జతులు చెబుతూ, తొడ మీద తాళం వేస్తూ బతుకంతా గడిపాడు. నాతో ఒక్కసారీ ఆ రాత్రి ఎందుకెళ్లామా అనలేదు. "ఆ ఢోలక్ కుర్రాడు మాత్రం ఏం వాయించాడే" అనేవాడు. అలా అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

కాబట్టి నామాట విను. ఎక్కడికెళ్లినా అరగంట ముందే చేరు. హాలు చుట్టూ ఒకసారి నడువు. ఎన్ని తలుపులున్నాయి, ఎన్ని నిజంగా తెరుచుకుంటాయి చూడు. నడిచే దారి పక్క సీటు తీసుకో. తలుపులకు తాళాలు వేసి ఉంటే టికెట్టు డబ్బు పోయినా సరే వెనక్కి వచ్చెయ్యి. ఎంత పెద్ద విద్వాంసుడైనా మళ్లీ ఎక్కడో పాడతాడు.

బస ముందు, టికెట్టు తర్వాత. హాలు నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో గది దొరికిందా, అప్పుడే ఆ రాత్రి టికెట్టు కొను. కోణార్క్ విషయమే తీసుకో. నాట్యోత్సవం ఏటా డిసెంబరు 1 నుంచి 5 దాకా. ఎదురుగా సూర్యదేవాలయం మీద దీపాలు, ఆరుబయట వేదిక, నాలుగు వైపులా గాలి. అక్కడ కూర్చోవడానికి నాకేం బెంగలేదు. నా బెంగ తిరుగు దారి. పూరీకి 35 కిలోమీటర్లు, సముద్రం వెంట సరుగుడు చెట్ల మధ్య రోడ్డు. పగలు ఎంత బాగుంటుందో రాత్రి అంత నిర్మానుష్యం. ఆ రాత్రులు కోణార్క్‌లోనే ఉండు. మంచు పడుతుంది, తలకి గుడ్డ కట్టుకో. ఇంకో మాట. నాట్యానికి పాటలు రికార్డు పెట్టే బృందాలూ ఉంటాయి. మర్దలం (ఒడిస్సీ నాట్యానికి వాయించే మృదంగం లాంటిది), గాత్రం వేదిక మీదే ఉన్న రోజు ఏదో కనుక్కుని దానికి వెళ్లు. నర్తకి పాదానికీ మర్దలం మీద చేతికీ మధ్య నడిచే మాటలు రికార్డులో ఉండవు.

పుణె సవాయి గంధర్వ ఉత్సవం భీమ్‌సేన్ జోషీ గారు తన గురువు పేరున 1953లో మొదలుపెట్టినది. హిందుస్తానీ సంగీతానికి అంతకన్నా పెద్ద పేరు లేదు. ఏర్పాట్లు పద్ధతిగా ఉంటాయనే అంటారు. కానీ పెద్ద పందిరి, వేలమంది. నా ప్రాణం ఒప్పుకోదు. వెళ్లకపోతే సంతోషిస్తాను. నువ్వు వెళ్తావని తెలుసు, అందుకే చెబుతున్నాను, అంచున కూర్చో.

ముంబయి పృథ్వీ థియేటరు నీ లిస్టులో ఒకే ఒక్క రాత్రి రాశావు. దాన్ని మూడు చెయ్యి, పుణెలో ఒకటి తగ్గించు. 1978లో శశి కపూర్, జెన్నిఫర్ దంపతులు కట్టిన ఆ హాల్లో సీట్లు రెండు వందలు ఉంటాయేమో. వేదికకి మూడు వైపులా జనమే. నటుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించే చోటు. అలాంటి చోట నాటకం చెడ్డదైనా నీకు నటన అంటే ఏమిటో తెలుస్తుంది. పెద్ద హాల్లో చివరి వరసలో కూర్చుంటే గొప్ప నాటకమైనా తోలుబొమ్మల్ని చూసినట్టే. ఆలస్యంగా వెళ్తే లోపలికి రానివ్వరు, బతిమాలినా రానివ్వరు. సోమవారం నాటకం ఉండదు. అక్కడి ట్రాఫిక్‌ని నమ్ముకోకు.

మరాఠీ రాదని భయపడకు. కథ ముందే చదువుకుని వెళ్లు, చాలు. 1936 ఏప్రిల్ 1న మన ఊరు ఒడిశాలో కలిసింది గానీ మన చెవులు రెండు వైపులా ఉండిపోయాయి. నా చిన్నప్పుడు రాజుగారి కోట వైపు పద్యనాటకం వేస్తే ఒడియావాళ్లు కూడా రాగానికి "వన్స్‌మోర్" అనేవారు. మహారాష్ట్రలో రోజులు మిగిలితే గడ్చిరోలి జిల్లా వడ్సా చూడు. వరి కోతలయ్యాక చలికాలమంతా ఆ చుట్టుపక్కల ఊళ్లలో రాత్రంతా ఝాడీపట్టీ నాటకాలు ఆడతారు. అక్కడి నటుడు పరశురామ్ ఖుణే గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. సిరొంచ, అహేరి వైపు మన తెలుగువాళ్లూ ఉన్నారు. కానీ అది ఒంటరిగా వెళ్లే చోటు కాదు. పల్లెటూరి రాత్రి, తాత్కాలికపు పందిరి. ఆ ఊళ్లో తెలిసిన కుటుంబం ఉండి, వాళ్ల ఆడవాళ్లతో కలిసి వెళ్తేనే వెళ్లు. లేకపోతే వద్దు, అంతే.

హోటళ్లలో భోజనంతో పాటు అరగంట నాట్యం చూపిస్తామంటారు. నీ డబ్బు నీ ఇష్టం.

చెన్నై గురించి ఎక్కువ రాస్తాను, ఇది నా ఊరు లాంటిది. మ్యూజిక్ అకాడమీ ఉత్సవం డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా. సాయంత్రం పెద్దవాళ్ల కచేరీల టికెట్లకి కొట్లాట. నువ్వు కొట్లాడకు. కచేరీలు పెట్టే చాలా సంగీత సభల్లో మధ్యాహ్నం కుర్ర విద్వాంసుల కచేరీలు టికెట్టు లేకుండానే వినొచ్చు. ముప్ఫైమంది కూడా ఉండరు, మొదటి వరసలో కూర్చోవచ్చు, పాడేవాళ్లు ప్రాణం పెట్టి పాడతారు. మీ మావయ్య ఏ హాల్లోకెళ్లినా కచేరీకి ముందు ఒక్కసారి చప్పట్టు కొట్టి వినేవాడు. ధ్వని తిరిగి మోగుతూ ఉంటే అందులో మృదంగం ముద్దముద్దగా వినిపిస్తుందని అర్థం. నువ్వూ కొట్టు, ఎవరేమనుకుంటే ఏం. సౌండు బాక్సుకి ఎదురుగా మాత్రం కూర్చోకు. మృదంగం కుడి మూత శ్రోతల వైపు ఉండాలని విద్వాంసుడు గాయకుడికి కుడి పక్కన కూర్చుంటాడు, అంటే మనకి ఎడమ. ఎడమ చేతివాటం విద్వాంసుడైతే మారుతుంది. నువ్వు ఎడమ వైపు దారి పక్క సీటు చూసుకో.

ఇంకొకటి, ఇది ఆజ్ఞ అనుకో. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలవగానే జనం లేచి క్యాంటీన్‌కి వెళ్తారు. దోసెలు బాగుంటాయి, నిజమే. నువ్వు లేవకూడదు. సాయంత్రమంతా పక్కవాద్యంగా ఒదిగి ఉన్న మనిషికి తనకంటూ దక్కేది ఆ కాసేపే. ఎదురుగా ఖాళీ కుర్చీలు చూస్తూ వాయించడం ఎలా ఉంటుందో ఆయన నాకు చెప్పేవాడు. నువ్వు ఆయన మేనకోడలివి.

నీ మీద కోపం కూడా ఉంది. ఇంత దూరాల లిస్టులో మన వైపుది ఒక్కటీ లేదేం? గంజాం పల్లెల్లో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ రాశాడని చెప్పే ప్రహ్లాద నాటకం వంద ఏళ్లకు పైగా ఆడుతున్నారు. వేదిక మీద మెట్లు కట్టి, వాటి మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఆడతాడు. నరసింహుడి ముఖం తొడుగుకి పూజ చేస్తారు. పాట మన చెవికి సగం తెలిసినట్టే ఉంటుంది. అది ఆరుబయట ఊరి మధ్య జరుగుతుంది, ఎటు చూసినా దారే. బయల్దేరే ముందు మీ నాన్నని తీసుకుని ఒక రాత్రి చూడు. వాడి కోపం కూడా అక్కడ కొంత కరుగుతుంది. విజయనగరంలో 1919లో పెట్టిన ఆ సంగీత కళాశాల ముందు కూడా ఒకసారి ఆగు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు, ఘంటసాల, సుశీల చదివిన చోటు. మీ మావయ్య వాయించిన గది అడిగితే చూపిస్తారు.

చివరికి తిరువయ్యారు. పుష్య బహుళ పంచమి నాడు కావేరి ఒడ్డున నేల మీద కూర్చుని అందరూ కలిసి త్యాగరాజస్వామి ఆరాధనలో ఆయన పంచరత్న కీర్తనలు పాడతారు. టికెట్టు లేదు. ఆయన సమాధి మీద గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, 1920లలో, తన నగలూ ఆస్తీ ఖర్చుపెట్టి. అప్పట్లో ఆడవాళ్లని అక్కడ పాడనిచ్చేవారు కాదు. ఆవిడ ఆడవాళ్లని కూడగట్టి పాడించింది. నువ్వు అక్కడ శ్రోతలా కూర్చోవద్దు, పాడు. నీకు ఐదూ వచ్చు, నేనే నేర్పాను. ఎందరో మహానుభావులులో సాహిత్యం దగ్గర తడబడతావు, డిసెంబరులోపు సరిచేసుకో.

ఆరాధనకి తీసుకెళ్తానని మీ మావయ్య ఏటా అనేవాడు. ఆ జనంలో కాలు చాపుకుని కూర్చోలేక ఆయన వెళ్లలేదు, ఆయన్ని వదిలి నేనూ వెళ్లలేదు. ఈసారి వస్తాను. నీకు కాపలాకి అనుకోకు, నాకోసమే వస్తాను. పలాస నుంచి చెన్నైకి నాకు కింద బెర్తు తీయించు. స్టేషనుకి నువ్వే రా, కూలీని పంపకు. తంజావూరులో గది ఇద్దరికీ ఒకటే చాలు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు నోరెత్తకు.

ఇట్లు,
మీ అత్త