తడిగుడ్డతో మాత్రం ముట్టుకోకు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మెషీన్ లేకుండా చేత్తోనే బ్రెడ్డు చేస్తానని పంతం పట్టావట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పటి నుంచి సంతోషంగానూ ఉంది, కాస్త దడగానూ ఉంది. నీకు ఓపిక తక్కువ, ఓవెన్‌కు జాలి లేదు. దడ అందుకే.

మెషీన్ లేదని చిన్నబోకు. 1980లలో జపాన్‌లో మత్సుషిత కంపెనీ ఇంట్లో వాడుకునే బ్రెడ్ మెషీన్ చేయబోతే, పిండి సరిగ్గా పిసకడమే దానికి చేతకాలేదు. చివరికి ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒక హోటల్‌లో బ్రెడ్ చేసే పెద్దాయన దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూనే మెలితిప్పుతున్నాడని కనిపెట్టింది. అంటే ఆ మెషీన్ కూడా ఒక మనిషి చేతిని చూసే పని నేర్చుకుంది.

కొలతలు రాసుకో. మైదా 500 గ్రాములు, నీళ్లు 310 గ్రాములు, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5. నీళ్లు కూడా కాటా మీదే తూచు. గ్లాసుతో కొలిస్తే రోజుకో రకం బ్రెడ్డు వస్తుంది. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. వేడి 60 డిగ్రీలకు చేరితే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక ఎంతసేపు కూర్చున్నా పిండి పొంగదు. అన్నీ కలిపి మూతపెట్టి ఒక అరగంట దాని జోలికి వెళ్లకు. పిండి నీళ్లు పీల్చుకుని, లోపల పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ తనంతట తానే అల్లుకోవడం మొదలవుతుంది. నీ చేతులకు ఆ మేరకు శ్రమ తగ్గుతుంది.

తరువాత పిసుకు. అరచేత్తో ముందుకు తోసి, మడిచి, కొంచెం తిప్పి, మళ్లీ తొయ్యి. మొదట చేతికి బంకలా అంటుకుంటుంది. సరిగ్గా అప్పుడే నీ చూపు పొడిపిండి డబ్బా మీదికి పోతుంది, నాకు తెలుసు. పోనివ్వకు. గుప్పెళ్లతో చల్లుకుంటూ పోతే చేతులు శుభ్రంగానే ఉంటాయి, బ్రెడ్డు మాత్రం ఇటుకై కూర్చుంటుంది. పది పన్నెండు నిమిషాలు ఓర్చుకుంటే ఆ జిగట దానికదే తగ్గుతుంది. చిన్న ముద్ద తుంచి, వేళ్లతో సాగదీసి వెలుతురుకు పట్టు. చిరగకుండా పల్చటి పొరలోంచి వెలుతురు కనిపిస్తే ఇక ఆపవచ్చు. తుంచిన ముద్ద నోట్లో వేసుకోకు. చిన్నప్పటి అలవాటు ఇంకా పోయిందో లేదో! పచ్చిపిండిలో రోగాలు తెచ్చే క్రిములు ఉండవచ్చు.

రెట్టింపు అయ్యేదాకా పొంగనిచ్చి, గాలి తీసి, టిన్నులో పెట్టి మళ్లీ పొంగనివ్వు. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, సగం మాత్రమే పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా ఆగు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నదే దీని కోసం. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్లను నేను చూడలేదు కానీ, తడిగుడ్డతో చేతులు కాల్చుకున్న మనిషితో మాత్రం కాపురం చేస్తున్నాను.

ఆ రోజు మీ పెద్దనాన్న పొద్దుటి నుంచి పిండితోనే ఉన్నారు. ఓవెన్ 220 డిగ్రీల మీద ఉంది. బ్రెడ్డు పైన రంగు తిరిగింది, ఇంకో నిమిషం ఆగితే మాడిపోతుందని ఆయన కంగారు. చేతికి గట్టు తుడిచి పడేసిన తడిగుడ్డ దొరికింది. తడిగా ఉంది కదా, చల్లగా ఉంటుందనుకున్నారట, అంత చదువుకున్న మనిషి! పొడిగుడ్డ పోగుల మధ్య గాలి ఉండి వేడిని అడ్డుకుంటుంది. గుడ్డ తడిస్తే ఆ గాలి ఉన్నచోటికి నీళ్లు చేరతాయి. నీళ్లు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని లాగుతాయి, పైగా అక్కడికక్కడే ఆవిరై వేళ్లనే కాలుస్తాయి. ఓవెన్ నుంచి గట్టుకు నాలుగడుగులు. రెండో అడుగులోనే ఆయనకు తెలిసిపోయింది. వదిలెయ్యవచ్చు కదా? వదల్లేదు. పొద్దుటి నుంచి పడ్డ కష్టం నేలపాలవుతుందని పళ్లు బిగించి గట్టు దాకా మోసి, జాగ్రత్తగా దించి, అప్పుడు అరిచారు. ఆ జాగ్రత్త మీదే నాకు ఇప్పటికీ కోపం. నేను ఆయన చేతులు కుళాయి కింద పెట్టి పట్టుకుంటే, ఆయన మెడ తిప్పి, బాగా పొంగిందా అని అడుగుతున్నారు. పొంగిన మాట నిజమే. బొబ్బలు మానేదాకా చొక్కా బొత్తాలు కూడా నేనే పెట్టాను. ఆ రోజుల్లో నాతో మాట్లాడినంత మెత్తగా ఆయన మళ్లీ మాట్లాడలేదు, అది వేరే కథ.

అందుకే ఓవెన్ వెలిగించక ముందే పొడి గ్లౌజులు పక్కన పెట్టుకో, టిన్ను దించే చోటు ఖాళీ చేసుకో. ఓవెన్ తలుపు తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టు, ముందు వచ్చేది ఆవిరే. ఒకవేళ చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు ఉంచు. ఐసు పెట్టకు, టూత్‌పేస్టు పుయ్యకు. టిన్ను జారుతుంటే జారనివ్వు తల్లీ. పిండి మళ్లీ కలుపుకోవచ్చు.

ఓవెన్‌లో పెట్టి అరగంట దాటాక బయటికి తీసి అడుగున తట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే కాలినట్టే. ఆ తరువాత గంటసేపు కత్తి ముట్టుకోకు. వేడి మీద కోస్తే లోపల పిండిపిండిగా, బంకగా ఉంటుంది. ఇది నీ వల్ల కాదని మీ అమ్మ పందెం కాసింది, నేను నీ వైపు ఉన్నాను. మిగిలిన ముక్కలు ఫ్రీజర్‌లో దాచు. ఫ్రిజ్‌లో పెడితే బయట ఉంచినదానికంటే త్వరగా గట్టిపడతాయి.

అడుగు మాడినా సరే, ఎలా వచ్చిందో రాయి. కోసిన ముక్క ఫొటో పంపమని మీ పెద్దనాన్న పక్కనుంచి చెబుతున్నారు, లోపలి రంధ్రాలు ఎలా ఉన్నాయో చూడాలట.

నీ పెద్దమ్మ