సీప్యాప్ మెషిన్‌తో రైలులోనూ విమానంలోనూ ప్రయాణించడం ఎలా?

మీ నాన్నగారు సికింద్రాబాద్ నుంచి రైలులో కాశీకి వెళ్లివచ్చి, ఆ తరువాత అమెరికాలో ఉన్న మీ దగ్గరకు రావలసి ఉందని, ఆ ప్రయాణాలకు సీప్యాప్ మెషిన్‌ను ఇంట్లోనే వదిలేయవచ్చా అని అడిగారు. వదిలేయవద్దన్నది నా గట్టి అభిప్రాయం. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోకుండా గాలి ఒత్తిడితో తెరిచి ఉంచడమే ఆ మెషిన్ చేసే పని. అది స్లీప్ అప్నియాను, అంటే నిద్రలో మాటిమాటికీ శ్వాస ఆగే జబ్బును, నయం చేయదు కాబట్టి, పెట్టుకోని రాత్రి గురకా, శ్వాస ఆగడమూ మళ్లీ మొదలవుతాయి. మరునాడు ఘాట్ల మెట్లు ఎక్కి దిగవలసిన పెద్దాయనకు ఆ నిద్రలేమి తగదు. నేనూ స్లీప్ అప్నియా ఉన్నవాడినే, ఈ మెషిన్‌తోనే తిరుగుతున్నాను కనుక తెలిసినది చెబుతున్నాను.

ముందుగా రైలు సంగతి, ఎందుకంటే ఇబ్బంది ఎక్కువగా అక్కడే. ఏసీ బోగీలో ప్లగ్ ఉంటుంది కదా అని చాలామంది ధైర్యంగా బయలుదేరుతారు. ఆ సాకెట్ల దగ్గర తరచుగా 110 వోల్టులు అని రాసి ఉంటుంది. ఇప్పటి సీప్యాప్ అడాప్టర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి కాబట్టి దానివల్ల చిక్కు లేదు (మీ అడాప్టర్ మీద ముద్రించిన అంకెలు ఒకసారి చూడండి). అసలు చిక్కు ఏమిటంటే, అగ్నిప్రమాదాలను నివారించడానికి రాత్రి 11 గంటల నుంచి ఉదయం 5 గంటల వరకు చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపివేయాలని రైల్వే 2021లో నిర్ణయించింది. సరిగ్గా నిద్రపోయే వేళలు అవే. అన్ని రైళ్లలో ఇది ఒకే తీరుగా అమలు కావడం నేను చూడలేదు గాని, కోచ్ అటెండెంట్ దయ మీద శ్వాసను వదిలిపెట్టడం నాకు సమ్మతం కాదు. మెషిన్ మోడల్‌కు సరిపడే లిథియం బ్యాటరీని, దాని డీసీ కేబుల్‌తో సహా కొనండి. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్‌ను, వేడి ట్యూబ్‌ను ఆపివేస్తే కరెంటు ఖర్చు బాగా తగ్గి, నా బ్యాటరీ తెల్లవారే వరకు వస్తుంది. అయితే నాన్నగారి మెషిన్‌లో గాలి ఒత్తిడి సెట్టింగ్ వేరు కావచ్చు కనుక, బయలుదేరే ముందు ఒక రాత్రి ఇంట్లోనే ప్లగ్ తీసేసి, బ్యాటరీ మీదనే పడుకోమని చెప్పండి.

లోయర్ బెర్త్ తీసుకోండి. 60 ఏళ్లు నిండిన పురుషులకు దానికి కోటా ఉంది. గాలి లోపలికి వెళ్లే రంధ్రానికి దుప్పటి అడ్డం పడకుండా మెషిన్‌ను తల పక్కనే ఉంచుకోవాలి. హ్యూమిడిఫైయర్ నీళ్ల డబ్బాను ఖాళీ చేసి ఆరబెట్టాకే సంచిలో పెట్టాలి, లేకపోతే కుదుపులకు నీరు మెషిన్‌లోకి పోతుంది. ఇంకొక మాట: నలుగురిలో మాస్కు పెట్టుకోవడానికి ఆ వయసువారు మొహమాటపడతారు. పడుకునే ముందే ఎదుటి బెర్తుల వారికి ఇది శ్వాస కోసం అని ఆయన చెప్పుకుంటే చాలు, ఎవరూ వింతగా చూడరు. గురక లేనందుకు వారే సంతోషిస్తారు.

విమానంలో మెషిన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ చెకిన్ లగేజీలో వేయకండి. అమెరికాకు వచ్చే విమానాల్లో ఇలాంటి సహాయక పరికరాన్ని హ్యాండ్ బ్యాగేజీ పరిమితిలో లెక్కించకూడదని అక్కడి రవాణా శాఖ నిబంధన ఉంది. విడి బ్యాటరీ కూడా చేతి సంచిలోనే ఉండాలి: దాని సామర్థ్యం 100 వాట్-అవర్ల వరకు ఉంటే అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన తీసుకువెళ్లనివ్వరు. బ్యాటరీ మీద ఆ సంఖ్య లేకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. 24 వోల్టులు, 4 ఆంపియర్-అవర్లు అయితే 96. విమానంలో నిద్రపోయేటప్పుడు కూడా వాడుకోవాలంటే టికెట్ కొన్నప్పుడే విమాన సంస్థకు తెలియజేయాలి. అమెరికాలో ఉండే 120 వోల్టులు కూడా పైన చెప్పిన 100–240 పరిధిలోనివే కాబట్టి ప్లగ్ పిన్నులు మార్చే చిన్న అడాప్టర్ సరిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేదు.

కాశీ నుంచి బదరీనాథ్ కూడా చూసి వద్దామని ఆయన అనుకుంటే మాత్రం ముందుగా డాక్టరును కలవండి. అది సుమారు 3,100 మీటర్ల ఎత్తు. నా మెషిన్ పుస్తకంలో పరిమితి 2,591 మీటర్లే, పైగా అంత ఎత్తులో నిద్రలో శ్వాస తీరే మారుతుంది. అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా, గాలి ఒత్తిడి సెట్టింగ్, మాస్కు రకం రాసిన ఒక ఉత్తరం డాక్టరు దగ్గర తీసుకుని మెషిన్ సంచిలో పెట్టండి. భద్రతా తనిఖీలో అడిగినా, పరాయి ఊరిలో మెషిన్ పాడై అద్దెకు తీసుకోవలసి వచ్చినా ఆ కాగితమే పనికొస్తుంది.