కంపెనీ మూతపడి ఏళ్లయింది, ఇప్పుడు మెసోథీలియోమాకు పరిహారం అడగొచ్చా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. నాన్నగారికి మెసోథీలియోమా (ఆస్బెస్టాస్ అనే ఖనిజ పీచు పీల్చడం వల్ల ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) అని తేలింది, ఆయన పనిచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, కేసు వేస్తే నిలుస్తుందా అన్నది ఒకటి. ఈలోపు ఆయనకేమైనా అయితే మీకు హక్కు ఉంటుందా అన్నది రెండోది. చాలా దేశాల్లో రెండింటికీ దారి ఉంది, కాకపోతే గడువు ఉంటుంది. మా నాన్న బాయిలర్లకు, ఆవిరి పైపులకు ఇన్సులేషన్ చుట్టే పని చేసేవారు, ఆయనకూ ఇదే జబ్బు వచ్చింది. కాగితాల పనంతా నేనే చూశాను కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను.

లాయర్‌ని వెతకడం కంటే ముందు, నాన్నగారికి ఓపిక ఉన్న పూట పక్కన కూర్చుని ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. ఎక్కడ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏం పని, పక్కన ఎవరు ఉండేవారు, ఏ సరుకు వాడేవారు, అన్నీ. ఆస్బెస్టాస్ పీచు లోపలికి వెళ్లాక ఈ క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది, అప్పటికి కంపెనీ రిజిస్టర్లు చాలాసార్లు ఎవరి దగ్గరా దొరకవు, మిగిలిన సాక్షి ఆయనే. 'ఏ కంపెనీ సరుకు నాన్నా' అని అడిగితే మా నాన్న గుర్తులేదు అనేసేవారు. సంచి ఎలా ఉండేదని అడిగినప్పుడు మాత్రం, దాన్ని కత్తితో చీల్చి పొడిని డబ్బాలో కుమ్మరించి, నీళ్లు పోసి చేత్తోనే కలిపేవాళ్లమని, కనుబొమ్మల మీద తెల్లగా పేరుకునేదని, సంచి మీద ఎర్ర అక్షరాలు ఉండేవని గడగడా చెప్పుకొచ్చారు. ఆ ఎర్ర అక్షరాల సంచి ఎవరిదో ఆయనతో పనిచేసిన ఇంకొకాయన చెప్పారు. మా కేసుకు అదే ఆధారమైంది. ఇంట్లో చేసిన రికార్డింగ్ ఒక్కటే కోర్టుకు సరిపోదు, లాయర్ దాన్ని బట్టి అఫిడవిట్ తయారుచేసి సంతకం పెట్టించుకుంటారు. పేషెంట్ పరిస్థితి బాగోలేకపోతే వాంగ్మూలం ముందుగానే తీసుకోమని కోర్టును అడగొచ్చు.

కంపెనీ లేకపోయినంత మాత్రాన బాధ్యత పోదు. అప్పట్లో దానికి బీమా ఇచ్చినవాళ్లు, తర్వాత దాన్ని కొన్నవాళ్లు, సరుకు తయారుచేసినవాళ్లు, వీళ్లందరినీ విడివిడిగా చూడాలి. అమెరికాలో ఆస్బెస్టాస్ సరుకు తయారుచేసిన జాన్స్ మాన్‌విల్ కంపెనీ 1982లో దివాలా పిటిషన్ వేసింది, దాని బాధితుల కోసం పెట్టిన ట్రస్టు 1988 నుంచి ఉంది, అలాంటి ట్రస్టులు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో యజమానీ బీమా కంపెనీ ఇద్దరూ దొరక్కపోతే 2014 చట్టం కింద ఒక పథకం ఉంది. జపాన్‌లో 2006 నుంచి ఉన్న చట్టం ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. భారత సుప్రీంకోర్టు 1995లో, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలని చెప్పింది. కాబట్టి 'రికార్డులు లేవు' అని నోటిమాటగా అంటే ఊరుకోకండి, రాసి ఇమ్మనండి.

గడువు సంగతి మాత్రం టెన్షనే. చాలాచోట్ల అది పనిచేసిన రోజు నుంచి కాకుండా జబ్బు ఫలానా కారణంగా వచ్చిందని తెలిసిన రోజు నుంచి లెక్క. బ్రిటన్‌లో మామూలుగా 3 ఏళ్లు, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఏడాదే. ముందు ట్రీట్‌మెంట్ అవ్వనీ అనుకుంటే ఈలోపు గడువే అయిపోతుంది.

సిగరెట్ తాగేవారు కదా అని ఎవరైనా అంటే, మెసోథీలియోమాకు పొగతాగడంతో సంబంధం లేదు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ వేరు, అక్కడ రెండూ కలిస్తే ముప్పు బాగా పెరుగుతుంది, అయినా కేసు దానంతటదే పోదు. పని బట్టలు దులిపి ఉతికిన భార్యకు జబ్బు వచ్చినా కేసు వేసిన ఇళ్లున్నాయి. ఇంతకుముందు ఆస్బెస్టాసిస్ (ఆ పీచు వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, క్యాన్సర్ కాదు) కోసం ఎప్పుడైనా డబ్బు తీసుకుని ఉంటే ఆ కాగితం వెతకండి. 'ఫుల్ అండ్ ఫైనల్' అని ఉంటే క్యాన్సర్‌కు మళ్లీ అడగడం కష్టం, ఈసారైనా అలాంటి మాట ఉన్నదాని మీద లాయర్ చూడకుండా సంతకం వద్దు.

రెండో ప్రశ్నకు వస్తే, ఆయన బతికుండగా వేసిన కేసును వారసులు నడపొచ్చు, మరణం వల్ల కుటుంబానికి జరిగిన నష్టానికి విడిగా అడిగే వీలు కూడా చాలా దేశాల్లో ఉంది, దాని గడువు వేరుగా మొదలవుతుంది. ఇక జబ్బు రుజువుకు, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి రిపోర్టు ఒక్కటే చాలాసార్లు సరిపోదు, ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు కావాలి. ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకును పారేయొద్దని ల్యాబ్‌కు ఇప్పుడే లెటర్ ఇవ్వండి. మరణ ధ్రువపత్రంలో 'శ్వాస ఆగి' అని రాసి వదిలేస్తుంటారు, అందులో జబ్బు పేరు, ఆయన చేసిన పని రెండూ ఉండేలా డాక్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.