జవాబు: చెన్నైలో ఒంటరిగా ఉంటున్న పిన్నిగారి భోజనం గురించి

అండీ, మీ పిన్నిగారికి 66 ఏళ్లు, వ్యాసర్‌పాడిలో ఒక్కరే ఉంటారు, చెన్నై కార్పొరేషన్ నడిపే చవక క్యాంటీన్ ‘అమ్మ ఉణవగం’లో తినడానికి ఏ కార్డు కావాలని అడిగారు. ఏ కార్డూ అక్కర్లేదు. వయసు, ఆదాయం ఎవరూ అడగరు. ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3, సాయంత్రం రెండు చపాతీలు పప్పుతో 3. ముందు టోకెన్ తీసుకోవాలి. చిక్కల్లా పార్సిల్‌తోనే, కట్టివ్వరు. పైగా నిలబడి తినే బల్లలు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అదే కష్టం, ముందు మీరే ఒకసారి వెళ్లి చూడండి.

నన్నడిగితే అసలు పట్టుకోవాల్సింది వృద్ధాప్య పెన్షన్. 60 దాటి, ఆదరువు లేనివాళ్లకు తమిళనాడు ప్రభుత్వం ఇస్తుంది. 2023లో నెలకు 1,200 చేశారు. ఆ పెన్షన్ వచ్చేవాళ్లు దగ్గర్లోని బడి సత్తుణవు (మధ్యాహ్న భోజన) కేంద్రంలో మధ్యాహ్నం ఉచితంగా తినొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు! అక్కడ తింటే నెలకు 2 కిలోల బియ్యం, తినకపోతే 4 కిలోలు. ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ఈ-సేవై కేంద్రంలో (మన మీసేవ లాంటిది) దరఖాస్తు పెట్టండి. తమిళం చదవడం రాకపోతే తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి. పిన్నిగారికి షుగర్ ఉందా? ఉంటే రోజూ సాంబారన్నం వద్దు, చపాతీయే నయం.